పసుపు సింహం ఒక్కటే మిగిలింది, మిగతా నాలుగూ కొనాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. చిన్నప్పుడు మీరూ మీ అన్నయ్యా కలిసి టీవీలో వోల్ట్రాన్ చూసేవాళ్లు, ఐదు సింహం యంత్రాలు కలిసి ఒక పెద్ద రోబో అయ్యే కార్టూన్ సీరియల్ అది, ఇంట్లో దాని బొమ్మల్లో ఐదు సింహాల సెట్టు ఉండేది, ఇన్నేళ్ల తరవాత పాత అట్టపెట్టె తెరిస్తే పసుపు సింహం ఒక్కటే దొరికింది, దానికీ ఒక కాలు వదులైపోయింది, రంగు అక్కడక్కడా లేచిపోయింది. మిగతా నాలుగూ వెతికి కొనాలా, కొత్త సెట్టు కొనేస్తే సరిపోతుందా, దీన్ని బాగుచేయొచ్చా, పిల్లల చేతికి ఇవ్వొచ్చా అని అడిగారు. చివర్లో ఇంకో మాట రాశారు, సీరియల్ మళ్లీ పెట్టుకుని చూస్తే నాలుగు ఎపిసోడ్లకే విసుగొచ్చిందని, దానికి బాధేసిందని. నాకు అసలు ప్రశ్న అదే అనిపించింది, అక్కడికి తప్పకుండా వస్తా.

నేను పాతికేళ్లుగా ఈ పాత జపాన్ మెటల్ రోబోలు కొంటున్నా, విప్పుతున్నా, బాగుచేస్తున్నా, వేరేవాళ్లవి కూడా చాలా బాగుచేసి పంపా. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఏమీ కొనకండి. ఆ పసుపు సింహాన్ని అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకోండి. చల్లగా, చిన్న సైజుకి మించిన బరువుతో ఉందా? లేక పెద్దగా ఉండి తేలిగ్గా, డొల్లగా ఉందా? మీ సమస్యలో సగం ఇక్కడే తేలిపోతుంది. ఎందుకంటే 1984, 85లో వోల్ట్రాన్ సింహాలు అని ముఖ్యంగా రెండు రకాలొచ్చాయి. ఒకటి మ్యాచ్‌బాక్స్ అనే బొమ్మల కంపెనీ అమ్మింది, జపాన్‌లో పోపీ అనే కంపెనీ చేసిన మెటల్ బొమ్మ అదే. రెండోది పానోష్ ప్లేస్ అనే కంపెనీది, మొత్తం ప్లాస్టిక్, కానీ సింహాలు పెద్దవి, లోపల చిన్న చిన్న పైలట్ బొమ్మల్ని కూర్చోబెట్టొచ్చు, వాటికి తోడు కోట కూడా ఉండేది. రెంటికీ అప్పుడు పిల్లలున్నారు, రెంటికీ ఇప్పుడు పిచ్చివాళ్లున్నారు. కానీ ఒకదానితో ఆడినవాడికి రెండోది ఇస్తే "ఇది కాదు" అనేస్తాడు, ఎందుకో చెప్పలేడు కానీ చెయ్యి ఒప్పుకోదు. ఇది నేను చాలామంది దగ్గర చూశా. ఫొటో చూసి ఆర్డర్ పెడతారు, పార్సిల్ విప్పాక మొహం వాడిపోతుంది. ఏది కొనాలో గుర్తున్నది మీ చేతికి, కళ్లకి కాదు.

మీరు "చాలా బరువుగా ఉండేది, ఒకసారి అన్నయ్య కాలి మీద పడి గోరు నల్లబడింది" అని రాశారు కాబట్టి మీది మెటలే అని నా నమ్మకం. పొట్ట కింద గానీ కాళ్ల లోపలివైపు గానీ చిన్న అక్షరాలుంటాయి, టార్చ్ పక్కనుంచి వేసి చూడండి, పైనుంచి వేస్తే కనబడవు. అక్కడ 1981 అని ఉంటే కంగారుగా "జపాన్ ఒరిజినల్ దొరికింది" అనుకోకండి, అది కాపీరైట్ ఏడాది, బొమ్మ తయారైన ఏడాది కాదు. ఈ ఒక్క ముక్క తెలియక చాలామంది మోసపోయారు. నేనూ మొదట్లో ఒక అమ్మకందారు దగ్గర అలాగే కొన్నా, పెట్టె మీద బొమ్మ అచ్చం అదే, లోపలున్నది తేలికపాటి నకలు, కీళ్లు రెండోరోజుకే వదిలేశాయి. నకళ్లు ఆ రోజుల్లోనే కుప్పలు తెప్పలుగా వచ్చాయండి, ఇప్పుడు చేసినవి కావు, అందుకే పాతబడినట్టు కనిపించడం ఏ రకంగానూ రుజువు కాదు.

అసలు ఈ 1981 ఎక్కడిదంటే, వోల్ట్రాన్ పుట్టింది వోల్ట్రాన్‌గా కాదు. జపాన్‌లో తోయే స్టూడియో తీసిన 'గోలయన్' అది, 1981 మార్చి నుంచి 1982 ఫిబ్రవరి దాకా 52 ఎపిసోడ్లు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వరల్డ్ ఈవెంట్స్ ప్రొడక్షన్స్ వాళ్లు దాన్ని కొని, కథ మార్చి, మాటలు కొత్తగా రాయించి, సంగీతం కొత్తగా చేయించి 1984 సెప్టెంబరులో వదిలారు. అప్పట్లో పిల్లల కార్టూన్లలో అరుదైన స్టీరియో సౌండ్ కూడా పెట్టారు. దీని మీద మా సర్కిల్లో ఎప్పటినుంచో చెప్పుకునే కథ ఒకటుంది, వాళ్లు మొదట అడిగింది గోలయన్‌ని కాదట, ఛాతీ మీద సింహం తల ఉండే 'డాల్టానియస్' అనే ఇంకో రోబో సీరియల్ కావాలనుకుని "ఆ సింహం ఉన్నది పంపండి" అన్నారట, తోయే వాళ్లు ఐదు సింహాలున్న టేపులు పంపారట. చూసి, ఇదే బాగుందని దీన్నే ఉంచేసుకున్నారట.

అందులోనే ఇంకో వోల్ట్రాన్ కూడా ఉంది, గుర్తుందా, పదిహేను వాహనాలు కలిసి తయారయ్యేది? అది 'డైరగ్గర్' అనే వేరే సీరియల్, కథకి కథే సంబంధం లేదు, ఒకే పేరు కింద అతికించారు. మూడోది 'ఆల్బెగాస్' అనే దాన్ని కూడా తెద్దామనుకున్నారు, బొమ్మలు కూడా వోల్ట్రాన్ పేరుతో అమ్మేశారు, కానీ పిల్లలంతా సింహాలే కావాలనేసరికి దాన్ని పక్కన పెట్టి, సింహాలకే ఇంకో 20 ఎపిసోడ్లు తోయేతో కొత్తగా తీయించారు. అలా సింహాలవి 72, వాహనాలవి 52. మ్యాచ్‌బాక్స్ పెట్టెల మీద సింహాల సెట్టుకి మూడో నంబరు ఉండటానికి కారణం కూడా ఇదే, మొదటి నంబరు వాహనాలది, రెండోది టీవీలో రానేరాని ఆ మూడో సీరియల్‌ది. పాత పెట్టె మీద మూడు అని చూసి "మరి ఒకటి, రెండు భాగాల సింహాలు ఎక్కడ" అని వెతికేవాళ్లు నాకు ఇప్పటికీ తగులుతారు. అవి లేవండి.

ఇక మీ విసుగు సంగతి.

మీరు నాలుగు ఎపిసోడ్లు వరసగా చూశారు. అది అలా చూడటానికి తీసింది కాదు. రోజుకొకటి, స్కూలు నుంచి వచ్చాక, ఇరవై నిమిషాలు. ప్రతిదాంట్లో ఏం జరుగుతుంది? డూమ్ గ్రహం నుంచి విలన్ రాజు జార్కాన్ ఒక రాక్షస యంత్రాన్ని పంపుతాడు, సింహాలు విడివిడిగా కొట్టి ఓడిపోతాయి, అప్పుడు ఐదూ కలిసి వోల్ట్రాన్ అవుతాయి, వోల్ట్రాన్ నిప్పులు కక్కే కత్తి తీస్తాడు, ఒక్క వేటు. ఆ కలిసే సీన్ ప్రతిసారీ అదే రీలు. ఖర్చు తగ్గించడానికే అలా చేసేవాళ్లు, కానీ దానివల్ల జరిగిందేంటో చూడండి, ముందు పాదాలూ కాళ్లూ, తరవాత చేతులూ మొండెం, చివర్లో తల, ఈ వరస మనకి నోటికొచ్చేసింది. నేలమీద బొమ్మతో కూర్చున్నప్పుడు మన చేతులు అదే వరసలో నడిచేవి. కాళ్లు ముందు తగిలిస్తేనే అది నిలబడుతుంది, నిలబడితేనే చేతులు పెట్టొచ్చు. టీవీలో వచ్చే ఆ సీనే బొమ్మకి మాన్యువల్. బొమ్మ లేకుండా సోఫాలో కూర్చుని ఇప్పుడు చూస్తే విసుగు రాక ఏమొస్తుంది, ఆ సీరియల్‌లో సగం మన చేతుల్లో జరిగేది కదా. అందుకే మీ జ్ఞాపకం అబద్ధం కాదు, సీరియల్ చెడ్డదీ కాదు, మీరు ఈసారి సగమే చూశారు, అంతే.

ఇది ఊరికే అనడం కాదు, అసలు ఆ సీరియల్ తయారైన పద్ధతే అది. పోపీ కంపెనీ 1974లో మజింగర్ జెడ్ బొమ్మతో చోగోకిన్ అనే వరస మొదలుపెట్టింది, చోగోకిన్ అంటే మహా మిశ్రలోహం లాంటిది, మజింగర్ కథలో ఆ రోబోని చేసిన కల్పిత లోహం పేరు. బొమ్మలో ఉన్నది మాత్రం జింక్ మిశ్రమం, కరిగించి అచ్చులో పోసినది. అప్పటినుంచి రోబో సీరియల్ అంటే బొమ్మ చేసేవాళ్లూ కార్టూన్ గీసేవాళ్లూ పక్కపక్కన కూర్చుని చేసే పని అయింది. ఐదు సింహాలు నిజంగా మడతపడి, నిజంగా ఒకదానికొకటి తగులుకుని, నిజంగా నిలబడాలి, తెర మీద చూపించింది చేతిలో జరగాలి. గోలయన్ ఆ విషయంలో గొప్ప పని. ఎర్ర సింహం కుడి చెయ్యి, ఆకుపచ్చది ఎడమ చెయ్యి, నీలం కుడి కాలు, మీ పసుపుది ఎడమ కాలు, నల్లది మొండెం, తల. ఏ సింహాన్ని చూసినా అదేదో రోబో ముక్కలా అనిపించదు, సింహంలాగే ఉంటుంది, కలిశాక ఏ చోటా అతుకులా అనిపించదు. తరవాత ఇన్ని వందల కలిసే రోబోలు నా చేతుల మీదుగా వెళ్లాయి గానీ ఇంత శుభ్రమైన డిజైన్ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కథలో కూడా ఆ సింహాలు ఒక్కోటి ఒక్కోచోట దాగుండేవి, గుర్తుచేసుకోండి, నల్లది కోట ముందు ఎత్తైన దిమ్మ మీద, నీలం నీళ్లలో, ఆకుపచ్చది అడవిలో, ఎర్రది అగ్నిపర్వతంలో, పసుపుది ఎడారిలో. పైలట్లు కోటలోనుంచి గొట్టాల్లో జారుకుంటూ వెళ్లి తాళంచెవి పెట్టేవాళ్లు. మా ఇంట్లో మేం ముగ్గురం, నల్లది ఎప్పుడూ పెద్దన్నయ్యదే, "తల నేనే" అని అరిచే హక్కు కూడా వాడిదే. మా అక్క నీలం సింహం ఇంకెవ్వరినీ ముట్టుకోనిచ్చేది కాదు, కథలో యువరాణి అల్యూరా నడిపేది కదా అది. మిగిలిన మూడూ నావే, లెక్క ప్రకారం నాకే ఎక్కువ సింహాలు, కానీ తల లేదు, ఆ బాధ ఉండేది. అక్కకి ఇప్పటికీ నీలం రంగు సామాను కనబడితే "నా సింహం రంగు" అంటుంది.

సీరియల్‌కి మళ్లీ వెళ్లాలంటే నా సలహా ఇది. వోల్ట్రాన్ వారానికి ఒకటి రెండు చాలు. దాని పక్కన అసలు గోలయన్ చూడండి, సబ్‌టైటిల్స్‌తో 2008లో డీవీడీలుగా వచ్చింది. రెండూ పక్కపక్కన చూస్తుంటే మతిపోతుంది. మనకి చూపించింది గెలాక్సీ అలయన్స్ అనే గ్రహాల కూటమి పంపిన ఐదుగురు కుర్రాళ్లు, భూమి క్షేమంగా ఉంది. గోలయన్‌లో ఆ ఐదుగురూ అంతరిక్షం నుంచి తిరిగొచ్చేసరికి అణుయుద్ధంలో భూమే బూడిదైపోయి ఉంటుంది, వాళ్లకి వెళ్లడానికి ఇల్లే లేదు. బానిసలు, తలలు నరకడం, అవన్నీ మనకి కత్తిరించేశారు. సింహాలు విడిపోయిన కథ కూడా వేరు, మనకి హాగర్ మంత్రగత్తె చేసిందన్నారు, అసల్లో ఆ రోబోకి పొగరెక్కితే విశ్వదేవత ఐదు ముక్కలు చేస్తుంది.

అన్నిటికంటే నన్ను కదిలించింది స్వెన్ సంగతి. మొదట్లో నీలం సింహం నడిపినవాడు. మంత్రగత్తె దాడిలో దెబ్బ తగిలితే వేరే గ్రహంలో ఆసుపత్రికి పంపారని చెప్పారు మనకి, అతని చోట్లోకి అల్యూరా వచ్చింది. చాలా ఎపిసోడ్ల తరవాత మళ్లీ కనబడ్డాడు కూడా. నేను పెద్దయ్యాక గోలయన్ చూశా. అందులో ఆ కుర్రాడు, పేరు తకాషి షిరొగానె, చచ్చిపోతాడు. ఆ తరవాత మళ్లీ కనబడేది అతని తమ్ముడు. మనకోసం మాటలు మార్చి తమ్ముణ్ని అతనే అని చెప్పారు. ఎనిమిదేళ్ల పిల్లాడిగా నేను అతని కోసం ఎదురుచూశా, రాత్రిళ్లు ఆలోచించేవాణ్ని ఆసుపత్రి నుంచి ఎప్పుడొస్తాడని, వచ్చిన రోజు ఎగిరి గంతేశా. ఆ రోజు వచ్చింది అతను కాదని ముప్పై దాటాక తెలిసింది. కోపం రాలేదండి నాకు. మాకోసం ఎవరో కూర్చుని ఆ కుర్రాణ్ని బతికించారు, అలా తీసుకున్నా నేను. 2016లో నెట్‌ఫ్లిక్స్‌లో కొత్తగా వచ్చిన వోల్ట్రాన్‌లో షిరో అనే పాత్ర ఉంది చూడండి, పూర్తి పేరు తకాషి షిరొగానె, నల్ల సింహం అతనిదే. ఆ పేరు విన్నప్పుడు నేను ఆ సీన్ ఆపి కాసేపు ఊరికే కూర్చున్నా. మీ విసుగు దగ్గరకి వచ్చి ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ రెండు కథలూ తెలిసి చూస్తే అదే పాత ఎపిసోడ్లలో ఎక్కడ కత్తిరించారో, ఎక్కడ మాట మార్చి అతికించారో కనబడుతుంటుంది, ఇక విసుగు రాదు.

గొంతు కూడా గమనించండి. వోల్ట్రాన్‌లో మొదట వినబడే వ్యాఖ్యాత పీటర్ కలెన్, అదే 1984లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్‌లో రోబోల నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ గొంతు కూడా ఆయనదే. మన చిన్నతనంలో సగం ధైర్యం ఆ ఒక్క గొంతే చెప్పింది.

సరే, బాగుచేయడం. మీ సింహం కాలు వదులు అన్నారు. ముందు ఆ కీలు ఎలాంటిదో చూడండి. తిప్పుతుంటే టిక్ టిక్ అని ఆగుతూ తిరిగేదైతే అది పళ్ల కీలు, లోపల ప్లాస్టిక్ పళ్లు అరిగుంటాయి. సాఫీగా తిరిగేదైతే రాపిడి మీద నిలిచే కీలు. రెండోదైతే సులువు, విప్పి, ఆ కడ్డీకి పారదర్శకమైన నెయిల్ పాలిష్ గానీ నేలకి పూసే యాక్రిలిక్ పాలిష్ గానీ పల్చగా ఒక పూత వేసి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ బిగించాలి, చాలకపోతే ఇంకో పూత. సూపర్ గ్లూ వేసి కదుపుతూ ఉంటే చాలు అని వీడియోల్లో చెప్తారు, దయచేసి అది చేయకండి, ఒక్క క్షణం ఆలస్యమైతే కీలు శాశ్వతంగా అతుక్కుంటుంది. పళ్లు అరిగినదైతే ఏ పూతా పనిచేయదు, విరిగిన ఇంకో సింహం నుంచి ముక్క తీసి వేయాలి, లేదా సన్నటి వాషర్ పెట్టి బిగువు తేవాలి. పసుపుదీ నీలందీ కాళ్లు కావడం వల్ల మొత్తం రోబో బరువు వాటి మీదే పడుతుంది, మెటల్ సెట్టులో ఆ బరువు తక్కువేం కాదు, అందుకే నా దగ్గరికొచ్చే వాటిలో ఎక్కువ ఈ రెండే ఉంటాయి. మీది పాడైంది మీరు సరిగ్గా చూసుకోకనే అనుకోకండి. నిలబెట్టి ఆడారు, అందుకే అరిగింది.

విప్పేముందు ఒక్క విషయం, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. జపాన్ బొమ్మల్లో ప్లస్ స్క్రూలు మనం రోజూ వాడే ఫిలిప్స్ కాదు, జేఐఎస్ అనే వాళ్ల ప్రమాణం. చూడటానికి ఒకేలా ఉంటాయి, కానీ ఫిలిప్స్ డ్రైవర్ దాంట్లో పూర్తిగా అడుగుకి కూర్చోదు, బలం పెడితే జారి స్క్రూ తల గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తరవాత డ్రిల్లింగే గతి. జేఐఎస్ డ్రైవర్ విడిగా దొరుకుతుంది, అది తెచ్చుకోండి. తుప్పు ఉంటే తుప్పు వదిలించే నూనె ఒక్క చుక్క పుల్లతో పెట్టి రాత్రంతా వదిలేయండి. నూనె ప్లాస్టిక్ మీదికి పాకకుండా చూసుకోండి, కొన్ని రకాల ప్లాస్టిక్‌ని అది పగలగొడుతుంది.

మెరిసే వెండిరంగు భాగాలున్నాయి చూడండి, కత్తి లాంటివి, వాటి జోలికి స్పిరిట్‌తో వెళ్లకండి. అది లోహం కాదు, ప్లాస్టిక్ మీద గాలి తీసేసిన గదిలో అల్యూమినియం ఆవిరి పట్టించి పైన లక్క పూత వేస్తారు, స్పిరిట్ తగిలితే ఆ పూత లేచి మెరుపంతా దూదికి వచ్చేస్తుంది. మొదటి ఏడాది నేనొక కత్తిని అలాగే పోగొట్టుకున్నా, ఇంకెవరూ పోగొట్టుకోకూడదని ప్రతిసారీ చెప్తా. గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క సబ్బు, మెత్తటి బ్రష్, అంతే. స్టిక్కర్ల దగ్గర తడి తగలనివ్వకండి, కీళ్లలోకి నీళ్లు వెళ్తే వెంటనే ఆరబెట్టండి, లోపల పిన్నులు ఇనుపవి.

రంగు లేచిన చోట్ల మళ్లీ వేయాలా అని అడిగారు. నా అభిప్రాయం వద్దనే. ఆ గీతలు మీ అన్నదమ్ములవి, ఏ రంగూ వాటికంటే విలువైంది కాదు, పైగా కొత్త రంగు వేసిన బొమ్మ పాత బొమ్మలు సేకరించేవాళ్ల దృష్టిలో విలువ కూడా కోల్పోతుంది. కానీ మెటల్ పైకి తేలిన చోట తెల్లటి పొడి కనబడుతుంటే అది జింక్‌కి పట్టిన తుప్పు, మెత్తటి గుడ్డతో తుడిచి, గాలి ఆడే పొడి చోట ఉంచండి. లోహమే ఉబ్బి, బీటలు వారి, పొట్టులా రాలుతుంటే అది వేరే రోగం, పోతపోసినప్పుడే సీసం లాంటి మలినాలు కలిస్తే వస్తుంది, దానికి మందు లేదు. ఎనభైల బొమ్మల్లో అరుదు, మీరు పంపిన వివరాల్లో ఆ లక్షణాలు లేవు, భయపడకండి. దాచిపెట్టేటప్పుడు బుడగల ప్లాస్టిక్ కవర్లో ఏళ్ల తరబడి చుట్టి ఉంచకండి, ఆ బుడగల గుండ్రటి మచ్చలు రంగు మీద అచ్చుపడతాయి. మెత్తటి కాగితం మంచిది.

పిల్లల చేతికి ఇవ్వొచ్చా అన్నదానికి, పెద్ద పిల్లలైతే మీ ఎదురుగా ఇవ్వండి, నోట్లో పెట్టుకునే వయసైతే వద్దు. అమెరికాలో బొమ్మల రంగులో సీసానికి 1978లో పెట్టిన పరిమితి 600 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 600, 2009లో దాన్ని 90 పీపీఎంకి దించారు. అంటే మన బొమ్మలు పాత లెక్క కాలంవి, రంగు రాలుతున్న బొమ్మని చిన్నపిల్లలకి ఇవ్వడం తప్పు. క్షిపణులు వదిలే స్ప్రింగులు కూడా చూసుకోండి. 1978 చివర్లో ఒక అంతరిక్ష ఓడ బొమ్మ వదిలిన చిన్న క్షిపణి గొంతులో పడి ఒక పిల్లాడు చనిపోయాడు, ఆ తరవాత అమెరికాలో అమ్మే చాలా బొమ్మల్లో ఆ స్ప్రింగుల బలం తీసేశారు. జపాన్ సెట్టులో గట్టిగా ఎగిరే క్షిపణి అమెరికా సెట్టులో ఊరికే కింద పడటానికి కారణం అది, బొమ్మ పాడైందని కాదు. మీ దాంట్లో అలా పడుతుంటే స్ప్రింగు మార్చబోకండి.

పిల్లలకి ఆడుకోవడానికే కావాలంటే కొత్తవి తీసుకోండి, అందులో ఏ తప్పూ లేదు. నాకు నచ్చినవి రెండు చెప్తా. బండాయ్ వాళ్లు 2016లో సోల్ ఆఫ్ చోగోకిన్ వరసలో జీఎక్స్ 71 అనే నంబరుతో గోలయన్ చేశారు, మెటల్ బరువు ఉంది, ఐదు సింహాలూ విడివిడిగా చక్కగా ఉంటాయి, కలిస్తే టీవీలో ఎలా ఉండేవాడో అచ్చం అలా నిలబడతాడు. పెద్దవాళ్ల చేతికి దాన్ని మించినది లేదు. పిల్లలతో కలిసి కూర్చోవాలంటే మాత్రం 2018లో వచ్చిన లెగో సెట్టు, 2321 ముక్కలు, అది కూడా ఐదు సింహాలుగా విడిపోతుంది. మేము నెలరోజులు కట్టాం, రోజుకొక సింహం చొప్పున కాదు, కాలు ముందా చెయ్యి ముందా అని వాదించుకుంటూ. నడిరాత్రి దాకా కూర్చున్న రోజులున్నాయి. మిగతా కంపెనీలవి, 2005 నాటి టోయ్‌నామీది, తరవాత మాటెల్ చందా పద్ధతిలో ఒక్కో సింహం పంపినది, వాటికీ అభిమానులున్నారు, నాకు చేతిలో కుదరలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న, మిగతా నాలుగూ కొనాలా. పూర్తి సెట్టు కొంటే మీ పసుపు సింహం పెట్టెలోనే మిగిలిపోతుంది, ఎందుకంటే సెట్టులో ఇంకో మంచి పసుపుది ఉంటుంది కదా. నేనైతే విడివిడిగా కొంటా, ఒక్కోటి. ఆడి అరిగినవే కొంటా, పెట్టెలో సీలు తీయనివి కాదు, మీ దాని పక్కన అవే నప్పుతాయి. రంగు పోయినా పర్లేదు, కీళ్లు నిలబడాలి, తగులుకునే కొక్కేలు విరగకుండా ఉండాలి, అమ్మేవాళ్లని ఆ కొక్కేల ఫొటో దగ్గరనుంచి తీసి పెట్టమని అడగండి, ముందు వైపు నుంచి తీసిన అందమైన ఫొటో దేనికీ పనికిరాదు. కత్తి, క్షిపణులు ఉన్నాయా అని అడగండి, పోయేవి ఎప్పుడూ అవే. ఒకే కంపెనీ సెట్టు లోవే కొనండి, పోపీ అచ్చే అయినా వేర్వేరు సమయాల్లో చేసిన వాటిలో రంగు తేడాలు, బిగువు తేడాలు ఉంటాయి, తగిలించి చూసుకునే అవకాశం ఉంటే వదులుకోకండి. నల్లది చివర్లో కొనండి, అన్నిటికంటే ఎక్కువ భాగాలు కదిలేది అదే, నోరు తెరుచుకుని లోపలనుంచి ముఖం రావాలి, ఆ దవడ కీలు సరిగ్గా ఉన్నది దొరకడానికి టైమ్ పడుతుంది.

ఇంకోటి, మీ అన్నయ్యకి ఇది చెప్పారా? మీరు రాసిన దాంట్లో ఆయన గురించి అంతా గతంలోనే రాశారు గానీ, ఫోన్లో మాట్లాడుకుంటామని కూడా రాశారు కదా. కొనేముందు ఆయన్ని అడగండి. నా దగ్గరికి బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లలో కనీసం నలుగురికి, పోయాయనుకున్న సింహాలు అన్న దగ్గరో చెల్లి దగ్గరో దొరికాయి, పెళ్లయ్యాక సర్దుకున్న సామాన్లలో తెలియకుండా వెళ్లిపోయినవి. మా ఇంట్లో కూడా నల్లది అన్నయ్య బీరువాలోనే ఉంది, ఇరవై రెండేళ్లు.

పొట్ట కింద అక్షరాల ఫొటో, ఆ వదులైన కాలు మడిచినప్పుడొకటి, చాచినప్పుడొకటి తీసి పెట్టండి, పక్కనుంచి వెలుతురు పడేలా. కీలు ఏ రకమో చూసి చెప్తా. అప్పటిదాకా స్క్రూ ముట్టుకోకండి.